అబ్జర్వబుల్ ఎప్పుడు పని మొదలుపెడుతుంది, ఎవరు ఆపాలి?

క్రోమ్ బ్రౌజర్ 2025లో వచ్చిన 135వ వెర్షన్ నుంచి అబ్జర్వబుల్‌ను (విలువలు వచ్చినప్పుడల్లా వినేవాళ్ళకు అందించే ఏర్పాటు) తనే అందిస్తోంది. అంతకుముందు జావాస్క్రిప్ట్‌లో అది కావాలంటే ఆర్ఎక్స్‌జేఎస్ లాంటి లైబ్రరీ తెచ్చుకోవాల్సిందే. పేరు అదే. వినడం మొదలుపెట్టే సబ్‌స్క్రైబ్ అదే. నెక్స్ట్, ఎర్రర్, కంప్లీట్ అనే మూడు పిలుపులూ అవే. అయినా ఒకే కోడ్ రెండుచోట్లా ఒకేలా నడవదు. ఇంకోవైపు వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్ 2023లో తన 16వ వెర్షన్‌తో సిగ్నల్స్ (ఇప్పటి విలువను పట్టి ఉంచి, మారితే తెలిపేవి) తెచ్చింది. అదే ఏడాది జావా 21 తక్కువ ఖర్చుతో నడిచే వర్చువల్ థ్రెడ్లను ఖాయం చేసింది. అనంతపురంలో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళైనా, కర్నూలులోనో కడపలోనో ఇంటినుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్నవాళ్ళైనా అడిగేది ఒకటే: ఇంతకీ అబ్జర్వబుల్ అంటే ఏమిటి, ఇంకా దాంతో పనుందా?

ఈ గందరగోళంలో చాలా భాగానికి మూలం ఒక్కటే. అబ్జర్వబుల్‌ను తయారుచేయడమంటే ఒక ఫంక్షన్ రాసి పక్కన పెట్టడం. సబ్‌స్క్రైబ్ చేయడమంటే ఆ ఫంక్షన్‌ను పిలవడం. ఈ రెండు మాటలు గట్టిగా పట్టుకుంటే హాట్, కోల్డ్, రీట్రై, మెమరీ లీక్ అన్న చిక్కులన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ఉదాహరణగా ఒక చీనీ (బత్తాయి) తోట

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో బోరు నీళ్ళతో డ్రిప్ మీద నడిచే చీనీ తోట ఒకటి తీసుకుందాం. తోటలో 4 బ్లాకులు, బ్లాకుకొక మట్టి తేమ సెన్సర్. అన్నిటి రీడింగులనూ ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు సేకరించి, 10 సెకన్లకొకసారి వెబ్‌సాకెట్ (తెరిచి ఉంచే కనెక్షన్) ద్వారా పంపుతుంది. తేమ 25 శాతం కన్నా తగ్గితే నీళ్ళు పెట్టాలని లెక్క. (నేలను బట్టి, వేరు లోతును బట్టి ఆ అంకె మారుతుంది. ఇక్కడ లెక్క సులువుగా ఉండాలని 25 అనుకుంటున్నాం.)

ఈ రీడింగులు ముగ్గురికి కావాలి. తెరమీద అంకె చూపే భాగం ఒకటి, రైతు ఫోనుకు హెచ్చరిక పంపే భాగం రెండోది, డేటాబేస్‌లో రాసుకునే భాగం మూడోది. వ్యాసమంతా ఈ తోటే ఆధారం.

విలువ మన చేతికి వచ్చే నాలుగు దారులు

ప్రోగ్రాములో ఒక విలువ కావాలంటే మనమే వెళ్ళి తెచ్చుకోవచ్చు, లేదా అదే మన దగ్గరికి రావచ్చు. వచ్చేది ఒక్క విలువ కావచ్చు, అనేకం కావచ్చు. ఒక్క విలువను మనమే తెచ్చుకుంటే అది మామూలు ఫంక్షన్. అనేక విలువలను ఒకటి తర్వాత ఒకటి మనమే అడిగి తీసుకుంటే ఇటరేటర్. ఒక్క విలువ తనంతట తాను వస్తే ప్రామిస్. అనేక విలువలు, వాటికి వీలైనప్పుడు, తమంతట తాము వస్తుంటే అబ్జర్వబుల్. అలా వచ్చే విలువల వరుసనే ఇక్కడ ధార అంటున్నాం.

తోటలో సెన్సర్ మనం అడిగినప్పుడు కాదు, తన సమయానికి పంపుతుంది. ఎన్ని రీడింగులు వస్తాయో ముందు తెలియదు. మధ్యలో కరెంటు పోతే ఆగిపోవచ్చు. కాబట్టి ఇది నాలుగో దారికి చెందిన వ్యవహారం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎవరైనా మారితే తన మీద ఆధారపడినవాళ్ళందరికీ చెప్పే అబ్జర్వర్ పద్ధతిని 1994లో నలుగురు రచయితలు డిజైన్ ప్యాటర్న్‌గా నమోదు చేశారు. మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం చేసిన రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్ 2009లో బయటికొచ్చింది. దాన్ని జావాకు తెచ్చిన ఆర్ఎక్స్‌జావాను నెట్‌ఫ్లిక్స్ 2013లో విడుదల చేసింది. పాత పద్ధతికి ఇవి చేర్చినవి ముఖ్యంగా రెండు: "ఇక విలువలు రావు" అని చెప్పే పిలుపు, "పని చెడింది" అని చెప్పే పిలుపు. చిన్నవిగా కనిపిస్తాయి గానీ అసలు బలమంతా వాటిలోనే ఉంది. ముగింపు తెలిస్తేనే ఒక ధారను ఇంకోదానికి అతికించగలం. తప్పు కూడా అదే దారిలో వస్తేనే మళ్ళీ ప్రయత్నించగలం.

అబ్జర్వర్: మూడు పిలుపులు, ఒక ఒప్పందం

అబ్జర్వర్ అంటే మూడు ఫంక్షన్ల కట్ట. విలువ వచ్చినప్పుడు నెక్స్ట్, తప్పు జరిగితే ఎర్రర్, పూర్తయితే కంప్లీట్. వీటి వరుసకు కచ్చితమైన నియమం ఉంది. నెక్స్ట్ సున్నా సార్లు రావచ్చు, లక్ష సార్లు రావచ్చు. ఆ తర్వాత ఎర్రర్ గానీ కంప్లీట్ గానీ ఒక్కసారి రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. రెండూ కలిసి రావు. వాటిలో ఒకటి వచ్చాక ఇంకేమీ రాకూడదు. పైగా రెండు పిలుపులు ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పడకూడదు.

మూడింటినీ ఇవ్వడం తప్పనిసరి కాదు, చాలామంది నెక్స్ట్ మాత్రమే ఇస్తారు. కానీ ఎర్రర్ ఇవ్వకపోతే ఆ తప్పు మాయమవదు. ఆర్ఎక్స్‌జేఎస్‌లో 6వ వెర్షన్ నుంచి అలాంటి తప్పు కాసేపాగి, ఎవరూ పట్టుకోని తప్పుగా కన్సోల్‌లో తేలుతుంది. మీ సబ్‌స్క్రైబ్ చుట్టూ ట్రై–క్యాచ్ పెట్టినా దొరకదు. ఆర్ఎక్స్‌జావాలోనైతే అది లైబ్రరీ ఉమ్మడి ఎర్రర్ హ్యాండ్లర్‌కు చేరుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ హ్యాండ్లర్‌ను మార్చుకోకపోతే యాప్ మూతపడుతుంది.

నెక్స్ట్ లోపలే మీ కోడ్ తప్పు విసిరితే ఏమవుతుంది? ఇక్కడ లైబ్రరీలు ఏకాభిప్రాయంతో లేవు. ఆర్ఎక్స్‌జావాలో మామూలు లాంబ్డాలతో సబ్‌స్క్రైబ్ చేస్తే ధార తెగి, మీరిచ్చిన ఎర్రర్ ఫంక్షనే నడుస్తుంది. ఆర్ఎక్స్‌జేఎస్‌లో అది మీ ఎర్రర్ ఫంక్షన్‌కు రాదు, విడిగా రిపోర్టవుతుంది. ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి మారేవాళ్ళు ఇక్కడ ఎక్కువగా తడబడతారు.

సబ్‌స్క్రైబ్ చేసేదాకా ఏమీ జరగదు

తోట ధారను తయారుచేసే కోడ్ రూపురేఖ ఇదీ (సబ్ అంటే వింటున్న అబ్జర్వర్):

తేమధార = కొత్త అబ్జర్వబుల్ (సబ్ →
  సాకెట్ = బోర్డుకు వెబ్‌సాకెట్ తెరువు
  సందేశం వచ్చినప్పుడల్లా: సబ్.నెక్స్ట్ (రీడింగ్)
  సాకెట్ చెడితే: సబ్.ఎర్రర్ (కారణం)
  సాకెట్ మూసుకుంటే: సబ్.కంప్లీట్ ()
  తిరిగివ్వు: ( ) → సాకెట్ మూయు
)

ఈ వరుసలు నడిచాక ఎన్ని సాకెట్లు తెరుచుకుని ఉంటాయి? ఒక్కటీ లేదు. ఫంక్షన్ రాసిపెట్టాం, పిలవలేదు. తేమధార మీద సబ్‌స్క్రైబ్ అన్నప్పుడే బాణం గుర్తు తర్వాత ఉన్నదంతా పైనుంచి కిందికి నడుస్తుంది. ప్రామిస్‌కూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే: ప్రామిస్ తయారైన క్షణమే దాని పని మొదలైపోతుంది.

అబ్జర్వబుల్ అంటే ఎప్పుడూ అసింక్రనస్ (వెంటనే కాక తర్వాత నడిచేది) అన్న నమ్మకం కూడా ఉంది. అది సరికాదు. ఆర్ఎక్స్‌జేఎస్‌లో "ముందు" అని ముద్రించి, తర్వాత 31, 29, 24 అన్న మూడు అంకెలిచ్చే ఆఫ్ ధారను సబ్‌స్క్రైబ్ చేసి, ఆపైన "తర్వాత" అని ముద్రిస్తే కన్సోల్‌లో వచ్చే వరుస: ముందు, 31, 29, 24, తర్వాత. మూడు విలువలూ సబ్‌స్క్రైబ్ అన్న ఆ ఒక్క పంక్తి ముగిసేలోపే వచ్చేశాయి. పని ఆలస్యంగా జరగడమా, వెంటనే జరగడమా అన్నది లోపలి ఫంక్షన్ ఏం చేస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. సాకెట్, టైమర్, క్లిక్ లాంటివి ఉంటే ఆలస్యం, మామూలు లూప్ ఉంటే వెంటనే. ఆర్ఎక్స్‌జావాలో కూడా అంతే. థ్రెడ్ మార్చమని షెడ్యూలర్ ద్వారా చెప్పకపోతే, టైమర్ లాంటి కొన్ని తప్ప, మిగతావి పిలిచిన థ్రెడ్ మీదే నడుస్తాయి.

చేత్తో తయారుచేసేటప్పుడు ఎక్కడ చెడుతుంది

పైన రాసిన ఆరు పంక్తుల్లో ఎక్కువమంది మరిచేది చివరిది, సాకెట్ మూసే ఫంక్షన్‌ను తిరిగివ్వడం. ఆ ఫంక్షన్ మూడు సందర్భాల్లోనూ నడుస్తుంది: కంప్లీట్ అయినా, ఎర్రర్ వచ్చినా, వినేవాళ్ళు మధ్యలో అన్‌సబ్‌స్క్రైబ్ అయినా. అది లేకపోతే తెర మూసేసినా సాకెట్ తెరిచే ఉంటుంది. రైతు తోట పేజీలోకి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్తే రెండో సాకెట్. పదిసార్లు అలా తిరిగితే పది సాకెట్లు, పది చోట్లా 10 సెకన్లకొక రీడింగు. అన్‌సబ్‌స్క్రైబ్ చేశాక నెక్స్ట్ పిలుపులు అబ్జర్వర్‌దాకా రావు కాబట్టి తెరమీద తేడా ఏమీ కనిపించదు. అందుకే ఈ లీక్ చాలా రోజులు ఎవరి కంటా పడదు. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో తెరిచి ఉన్న వెబ్‌సాకెట్ల సంఖ్య చూస్తే తెలిసిపోతుంది.

రెండోది, తప్పు పుట్టిన చోటు. ఫంక్షన్ నేరుగా నడుస్తున్నప్పుడు విసిరిన తప్పును లైబ్రరీ పట్టుకుని ఎర్రర్‌గా మారుస్తుంది. కానీ సాకెట్ సందేశం వచ్చినప్పుడు నడిచే లోపలి కాల్‌బ్యాక్ వేరే సమయంలో నడుస్తుంది. అప్పటికి లైబ్రరీ చేతుల్లో ఏమీ లేదు. బోర్డు సగం తెగిన జేసాన్ (డేటా రాసే పాఠం) పంపిందనుకోండి, పార్స్ చేసే పంక్తి తప్పు విసురుతుంది. అది ధారలోకి రాదు. నెక్స్ట్ రాదు, ఎర్రర్ రాదు, ధార బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. పార్స్ చేసే చోట ట్రై–క్యాచ్ పెట్టి, క్యాచ్‌లో సబ్.ఎర్రర్ పిలిస్తేనే ఆ సంగతి కింది వాళ్ళకు తెలుస్తుంది. లేదా కాల్‌బ్యాక్‌లో ముడి పాఠాన్నే నెక్స్ట్ ద్వారా పంపి, పార్స్ చేసే పనిని మ్యాప్‌కు (ప్రతి విలువనూ మార్చి కిందికి పంపేది) వదిలేయవచ్చు. మ్యాప్ లోపలి తప్పును లైబ్రరీయే ఎర్రర్‌గా మార్చి కిందికి పంపుతుంది. రెండో దారే శుభ్రంగా ఉంటుంది.

మూడోది, ఆగమన్నా ఆగని లూప్. ఫంక్షన్ లోపల అంతులేని లూప్‌లో నెక్స్ట్ పిలుస్తూ, బయట టేక్ 3 (మూడు విలువలు చాలని చెప్పేది) పెట్టారనుకుందాం. మూడు విలువలు వచ్చాక టేక్ తన పని ముగించింది, అయినా లూప్ తిరుగుతూనే ఉంటుంది, ట్యాబ్ బిగుసుకుపోతుంది. శుభ్రం చేసే ఫంక్షన్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దాన్ని తిరిగిచ్చే పంక్తిదాకా ప్రోగ్రాము ఇంకా రానేలేదు. ప్రతి చుట్టులోనూ సబ్.క్లోజ్డ్ నిజమైందా అని చూసుకోవాల్సిన బాధ్యత రాసినవాళ్ళదే. ఆర్ఎక్స్‌జావాలో అదే పరీక్ష ఎమిటర్ (అక్కడ సబ్ స్థానంలో ఉండేది) మీద ఈజ్‌డిస్పోజ్డ్.

జావాస్క్రిప్ట్‌లో ఇంకొకటి: అబ్జర్వబుల్‌కు ఇచ్చే ఫంక్షన్‌ను అసింక్ అని రాయడం. అప్పుడు అది తిరిగిచ్చేది మూసే ఫంక్షన్ కాదు, ప్రామిస్. శుభ్రత జరగదు.

ఆర్ఎక్స్‌జావాకే ప్రత్యేకమైనవి మూడున్నాయి. 2వ వెర్షన్ నుంచి నల్ విలువను నెక్స్ట్‌లో పంపకూడదు, పంపితే అది ఎర్రర్‌గా మారి ధార ముగుస్తుంది. ఒక సెన్సర్ రీడింగు రాలేదని నల్ పంపితే మిగతా మూడు బ్లాకుల రీడింగులూ ఆగిపోయినట్టే. వినేవాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిన ఎర్రర్ ఉమ్మడి హ్యాండ్లర్‌కు వెళ్ళి యాప్‌ను కూల్చగలదు. అందుకే అలాంటి చోట ఆన్ఎర్రర్ బదులు ట్రైఆన్ఎర్రర్ వాడతారు. ఇక రెండు థ్రెడ్లు ఒకేసారి నెక్స్ట్ పిలిచే అవకాశముంటే ఎమిటర్‌ను సీరియలైజ్ చేయాలి. పిలుపులు ఒకదాని మీద ఒకటి పడకూడదన్న ఒప్పందాన్ని కాపాడే పని అప్పుడు లైబ్రరీది అవుతుంది.

రెడీమేడ్ దారులు, వాటిలో ఒక మెలిక

చాలా సందర్భాల్లో చేత్తో రాయాల్సిన పనే లేదు. చేతిలో ఉన్న విలువలకు ఆఫ్ లేదా జస్ట్, జాబితాకూ ప్రామిస్‌కూ ఫ్రమ్, క్లిక్ లాంటి వాటికి ఫ్రమ్ఈవెంట్, గడియారానికి ఇంటర్వల్, టైమర్. ఇవి శుభ్రతను తామే చూసుకుంటాయి.

మెలిక ఎక్కడంటే, వాటికిచ్చే విలువ ఎప్పుడు లెక్కకొస్తుందన్న దగ్గర. జస్ట్‌కు ఇప్పటి సమయం ఇచ్చే ఫంక్షన్‌ను పిలిచి ఇస్తే, ఆ సమయం ధార తయారైనప్పటిది. ఉదయం 6 గంటలకు తయారుచేసి మధ్యాహ్నం 2 గంటలకు సబ్‌స్క్రైబ్ చేసినా 6 గంటలే వస్తుంది. ప్రామిస్‌ను ఫ్రమ్‌లో పెట్టినా అంతే. రిక్వెస్టు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఎన్నిసార్లు సబ్‌స్క్రైబ్ చేసినా అదే పాత జవాబు. డిఫర్ ఈ సమస్యకే ఉంది: దానికిచ్చిన ఫంక్షన్ ప్రతి సబ్‌స్క్రైబ్‌కూ కొత్తగా నడుస్తుంది. ఆర్ఎక్స్‌జావాలో ఒక్క విలువకైతే ఫ్రమ్‌కాలబుల్ చాలు.

ముగ్గురు వింటే మూడు కనెక్షన్లా?

ఇప్పుడు తెర, హెచ్చరిక, డేటాబేస్ మూడూ తేమధారను సబ్‌స్క్రైబ్ చేశాయి. సబ్‌స్క్రైబ్ అంటే ఫంక్షన్‌ను పిలవడం కదా, మూడుసార్లు పిలిచాం, మూడు సాకెట్లు తెరుచుకున్నాయి. బోర్డులో 4 కనెక్షన్లకు మించి ఒప్పుకోకుండా అమర్చి ఉంటే, ఇంట్లో ఇంకొకరు తమ ఫోనులో ఇదే పేజీ తెరవగానే వాళ్ళ మూడింటిలో ఒక్కటే కలుస్తుంది. మిగతా రెండూ ఎర్రర్. అంకె కనిపిస్తుంది, హెచ్చరిక మాత్రం రాదు. చూసేవాళ్ళకు ఇదేమిటో అంతుపట్టదు.

ప్రతి సబ్‌స్క్రైబ్‌కూ పని కొత్తగా మొదలయ్యే ఇలాంటి ధారను కోల్డ్ అంటారు. వినేవాళ్ళతో సంబంధం లేకుండా పని బయట ఒక్కటిగా నడుస్తూ, వచ్చినవాళ్ళు అప్పటినుంచి వినేదైతే హాట్. తేడా అంతా విలువను పుట్టించేది ఫంక్షన్ లోపల పుడుతోందా, బయటే ఉందా అన్నదే. సాకెట్ తెరిచే పంక్తిని ఫంక్షన్ బయటికి జరిపితే అదే ధార హాట్ అవుతుంది. కానీ అప్పుడు ఎవరూ వినకపోయినా సాకెట్ తెరుచుకునే ఉంటుంది, మూసే బాధ్యత ఎవరిదో తేలదు.

మధ్యే మార్గం షేర్. మొదటి వినేవాడు రాగానే ఒక్క సాకెట్ తెరుచుకుంటుంది, రెండో, మూడో వాళ్ళు దాన్నే పంచుకుంటారు, అందరూ వెళ్ళిపోయాక మూసుకుంటుంది. లోటు ఒకటుంది. మధ్యలో వచ్చినవాళ్ళకు పాత రీడింగు అందదు. తర్వాతి రీడింగుదాకా, అంటే 10 సెకన్లదాకా తెర ఖాళీగా ఉండొచ్చు. ఆ ఖాళీ నింపడానికి షేర్‌రీప్లే 1 వాడతారు, ఆఖరి రీడింగును దాచి కొత్తవాళ్ళకు వెంటనే ఇస్తుంది. అయితే ఆర్ఎక్స్‌జేఎస్‌లో షేర్‌రీప్లేకు ఒట్టి అంకె 1 ఇస్తే, అందరూ వెళ్ళిపోయినా పైనున్న సాకెట్ మూసుకోదు. రెఫ్‌కౌంట్ (వినేవాళ్ళ లెక్క) నిజమని విడిగా చెప్పాలి. సాకెట్ లాంటి ముగింపులేని ధారలకు ఇది చెప్పకపోవడం లీకే. ఒక్కసారి జవాబిచ్చి కంప్లీట్ అయ్యే హెచ్‌టీటీపీ రిక్వెస్టుకైతే ఆ అంకె ఒక్కటి చాలు.

బ్రౌజర్ సొంత అబ్జర్వబుల్ దారి మారేది ఇక్కడే. అందులో మొదటి వినేవాడు ఉండగా రెండోవాడు వస్తే ఫంక్షన్ మళ్ళీ నడవదు. ఉన్నదాన్నే పంచుతుంది, అందరూ వెళ్ళాక శుభ్రం చేస్తుంది. అంటే షేర్ పుట్టుకతోనే ఉన్నట్టు. ఇంకో తేడా, అక్కడ సబ్‌స్క్రైబ్ అనే పిలుపు, అన్‌సబ్‌స్క్రైబ్ చేసే వస్తువేదీ తిరిగివ్వదు. ఆపాలంటే రిక్వెస్టు పంపే ఫెచ్‌కు వాడే అబార్ట్‌కంట్రోలర్ సిగ్నలే (ఇది రద్దు సంకేతం, యాంగ్యులర్ సిగ్నల్ కాదు) ఇక్కడా ఇవ్వాలి. శుభ్రం చేసే ఫంక్షన్‌ను కూడా తిరిగివ్వడం కాదు, యాడ్‌టియర్‌డౌన్‌తో చేర్చాలి. ఆర్ఎక్స్‌జేఎస్ కోడ్‌ను అలాగే ఎత్తి అక్కడ పెడితే మూసే ఫంక్షన్ ఎప్పటికీ నడవదు.

రీట్రై ఎప్పుడు పనిచేస్తుంది

తోటలో కరెంటు పోయి వచ్చింది, సాకెట్ తెగి ఎర్రర్ వచ్చింది. 5 సెకన్లకొకసారి, 3 సార్లు ప్రయత్నించమని రీట్రై పెట్టాం. రీట్రై చేసేదల్లా మళ్ళీ సబ్‌స్క్రైబ్ చేయడమే, అంటే ఫంక్షన్‌ను మళ్ళీ పిలవడమే. సాకెట్ తెరిచే పంక్తి ఫంక్షన్ లోపల ఉంటే కొత్త సాకెట్ తెరుచుకుంటుంది, ధార బతుకుతుంది. బయట ఉంటే చచ్చిన సాకెట్‌నే మూడుసార్లు తడిమి ఓడిపోతుంది. ప్రామిస్‌ను నేరుగా ఫ్రమ్‌లో పెట్టినప్పుడు రీట్రై ఎందుకు పనికిరాదో కూడా దీన్నుంచే తెలుస్తుంది: ఒకసారి ఓడిన ప్రామిస్ ఎన్నిసార్లడిగినా ఓడినట్టే చెబుతుంది.

ఎర్రర్ తర్వాత ధార ముగుస్తుందన్న నియమం ఇంకోచోటా కాటేస్తుంది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర వెతికే పెట్టె ఉందనుకోండి. టైపు చేసిన ప్రతిసారీ స్విచ్‌మ్యాప్ (పాత రిక్వెస్టును వదిలి కొత్తదాన్ని వినేది) ద్వారా సర్వర్‌కు రిక్వెస్టు వెళ్తుంది. ఒక్క రిక్వెస్టు విఫలమై, క్యాచ్ఎర్రర్ (ఎర్రర్‌ను పట్టుకుని బదులు విలువ ఇచ్చేది) బయటి ధార మీద ఉంటే, ఆ ఒక్కసారికి సందేశం చక్కగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఎంత టైపు చేసినా కదలిక ఉండదు, ఎందుకంటే పెట్టెను వింటున్న ధారే ముగిసింది. క్యాచ్ఎర్రర్‌ను స్విచ్‌మ్యాప్ లోపలి రిక్వెస్టుకు తగిలిస్తే ముగిసేది ఆ ఒక్క రిక్వెస్టే.

సబ్జెక్ట్: రెండు వైపులా ఉండేది

సబ్జెక్ట్ అబ్జర్వర్ కూడా, అబ్జర్వబుల్ కూడా. బయటినుంచి ఎవరైనా దానిమీద నెక్స్ట్ పిలవొచ్చు, ఎందరైనా వినొచ్చు. ఆఖరి విలువను గుర్తుపెట్టుకుని కొత్తవాళ్ళకు వెంటనే ఇచ్చేది బిహేవియర్‌సబ్జెక్ట్. పాతవి కొన్ని దాచి ఇచ్చేది రీప్లేసబ్జెక్ట్. ముగిసినప్పుడు ఆఖరిదొక్కటే ఇచ్చేది అసింక్‌సబ్జెక్ట్.

వాడకం తేలిక కాబట్టి కొత్తవాళ్ళు అన్నిటికీ ఇదే వాడతారు. సబ్జెక్ట్‌ను బయటికి అలాగే ఇచ్చేస్తే ప్రోగ్రాములో ఏ మూలనుంచైనా ఎవరైనా నెక్స్ట్ పిలవగలరు. తప్పు విలువ వచ్చినప్పుడు ఎవరు పంపారో వెతకడం నరకం. అందుకే లోపల సబ్జెక్ట్‌ను దాచుకుని, బయటికి యాజ్అబ్జర్వబుల్ రూపాన్నే ఇస్తారు. ఇంకొకటి, సబ్జెక్ట్‌కు శుభ్రం చేసే ఫంక్షన్ ఉండదు. దానికి విలువలు పోస్తున్న సాకెట్‌ను ఎవరు మూయాలో మీరే విడిగా చూసుకోవాలి. కొత్త అబ్జర్వబుల్ రూపంలో రాస్తే ఆ బాధ్యత తెరిచిన చోటే ఉంటుంది. కాబట్టి బయటి వనరును ధారగా మార్చేటప్పుడు చేత్తో తయారీయే మేలు. ప్రోగ్రాము లోపలి బటన్ నొక్కుళ్ళలాంటి వాటికి సబ్జెక్ట్ సరిపోతుంది.

వేగం కుదరనప్పుడు

4 సెన్సర్లు, 10 సెకన్లకొక రీడింగు అంటే నిమిషానికి 24. దీనికి ఏ డేటాబేసూ అలిసిపోదు. అదే పద్ధతిని నార్పల నుంచి పులివెందుల దాకా ఉన్న తోటలకు పెంచి, 200 సెన్సర్లు సెకనుకొక రీడింగు పంపేలా చేశారనుకుందాం. సెకనుకు 200 రీడింగులు. ఒక్కోటి రాయడానికి 20 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 50 మాత్రమే రాయగలం. సెకనుకు 150 మిగిలిపోతాయి, 10 నిమిషాల్లో 90,000. అవన్నీ మెమరీలో పేరుకుంటాయి.

ఆర్ఎక్స్‌జావాలో ఇలాంటి చోట ఫ్లోయబుల్ ఉంటుంది. వినేవాడు "నాకు ఇన్నే పంపు" అని పైకి చెప్పగలడు. దాని మామూలు బఫర్ (విలువలు దాచుకునే చోటు) 128 విలువలు. నిండాక దాచుకోవాలా, పారేయాలా, తాజాదొక్కటే ఉంచాలా, ఎర్రర్ ఇవ్వాలా అన్నది తయారుచేసేటప్పుడే చెప్పాలి. వెయ్యి విలువలకు మించని ధారలకూ, తెర మీది ఈవెంట్లకూ మామూలు అబ్జర్వబుల్ చాలని ఆ లైబ్రరీ పత్రాలే చెబుతాయి. ఆర్ఎక్స్‌జేఎస్‌లో ఇలా పైకి అడిగే ఏర్పాటు లేదు. బఫర్‌టైమ్‌తో సెకనుకొకసారి 200 వరుసలను ఒకే ఇన్సర్ట్‌లో రాయడం, తెరకు శాంపుల్‌తో తాజా రీడింగొక్కటే చూపడం లాంటివే మార్గాలు. డేటాబేస్‌కు ప్రతి రీడింగూ కావాలి, తెరకు అక్కర్లేదు. ఒకే ధార మీద ఇద్దరికీ వేర్వేరు పద్ధతి పెట్టగలగడం ఇక్కడ కలిసొచ్చే విషయం.

24 శాతం దగ్గర పచ్చ రంగు: సిగ్నల్స్ వాదన

సిగ్నల్స్ వైపు వాళ్ళు చూపే బలమైన ఉదాహరణ ఇది. ఒకే సబ్జెక్ట్ నుంచి రెండు ధారలు తీశాం. ఒకటి తేమ శాతం, రెండోది రంగు (25 లేదా పైన పచ్చ, తక్కువైతే ఎరుపు). రెండింటినీ కంబైన్‌లేటెస్ట్‌తో (ఏది మారినా రెండింటి తాజా విలువలనూ జతగా ఇచ్చేది) కలిపి తెరకు ఇచ్చాం. ఇప్పుడు తెరమీద 30, పచ్చ ఉంది. 24 వచ్చింది. ముందు శాతం ధార మారుతుంది, తెరకు "24, పచ్చ" అందుతుంది. మరుక్షణం రంగు ధార మారి "24, ఎరుపు" అందుతుంది. మొదటిది అబద్ధం. తెరమీదైతే కంటికి ఆనదు, కానీ ఆ జతను చూసి మోటారు నడిపే కోడ్ ఉంటే అది ఒక తప్పుడు నిర్ణయం. సిగ్నల్స్‌లో రంగును కంప్యూటెడ్‌గా (ఇతర సిగ్నళ్ళ నుంచి లెక్కగట్టే విలువగా) రాస్తే ఇలాంటి మధ్య స్థితి ఎవరికీ కనిపించదు. అడిగినప్పుడే, తాజా విలువల మీదే లెక్క జరుగుతుంది. అన్‌సబ్‌స్క్రైబ్ బెడదా ఉండదు.

అబ్జర్వబుల్ వైపు వాదన కూడా అంతే గట్టిది. సిగ్నల్ అంటే "ఇప్పుడు ఎంత" అన్నదానికి జవాబు, దానికి ముగింపూ ఎర్రరూ లేవు. రైతు మోటారు ఆపి వెంటనే మళ్ళీ వేశాడనుకోండి. ఒకే వరుసలో సిగ్నల్ రెండుసార్లు మారితే దాన్ని చూసే ఎఫెక్ట్‌కు (సిగ్నల్ మారితే నడిచే ఫంక్షన్‌కు) ఆఖరి స్థితి మాత్రమే కనిపిస్తుంది, మధ్యలో ఆపిన సంగతి పోతుంది. యాంగ్యులర్‌లో సిగ్నల్‌ను ధారగా మార్చే టుఅబ్జర్వబుల్ కూడా ఎఫెక్ట్ మీదే నడుస్తుంది కాబట్టి అక్కడా కుదురుకున్న విలువే వస్తుంది. ప్రతి నొక్కుడూ లెక్కకు రావాల్సిన చోట, రీట్రై, డిబౌన్స్ (విలువలు కాసేపు ఆగాకే స్పందించడం), రద్దు కావాల్సిన చోట అబ్జర్వబుల్‌దే పైచేయి. స్థితికి సిగ్నల్, సంఘటనకు అబ్జర్వబుల్ అన్న పంపకం చాలా ప్రాజెక్టులకు నప్పుతుంది. మధ్యలో టుసిగ్నల్ వంతెన. అది పిలవగానే సబ్‌స్క్రైబ్ చేస్తుంది, కాంపొనెంట్ పోయినప్పుడు అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తుంది. దాన్ని ఒకే ధార మీద మూడుచోట్ల పిలిస్తే మళ్ళీ మూడు సాకెట్లే.

సర్వర్ వైపు వాదన వేరు. ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో జవాబిచ్చే సర్వీసుల్లో రియాక్టివ్ కోడ్‌ను (అబ్జర్వబుల్ లాంటి ధారలతో రాసేది) చాలామంది ఎంచుకున్నది థ్రెడ్లు ఖరీదు కాబట్టి. వర్చువల్ థ్రెడ్లతో ఆ ఖరీదు బాగా తగ్గింది. మామూలుగా వరుసగా రాసిన కోడ్‌ను చదవడం, డీబగ్ చేయడం తేలిక, స్టాక్ ట్రేస్ సరిగ్గా చోటు చూపిస్తుంది. అలాంటి సర్వీసుకు ఇవాళ కొత్తగా రియాక్టివ్ మొదలుపెట్టే కారణం బలహీనపడిందన్నది న్యాయమైన మాటే. కానీ 200 సెన్సర్ల లెక్క వర్చువల్ థ్రెడ్‌తో మారదు. రాసే వేగం సెకనుకు 50 అయితే మిగతా 150ని ఎక్కడో ఆపాలి, దానికి పరిమితి ఉన్న క్యూ గానీ ఫ్లోయబుల్ గానీ పెట్టాలి. కోట్లిన్ భాష వాళ్ళు ఫ్లోతో మూడో దారి పట్టారు: అదీ కోల్డే, కలెక్ట్ (అక్కడి సబ్‌స్క్రైబ్) చేసేదాకా నడవదు. విలువ పంపే ఫంక్షన్ సస్పెండ్ అవుతుంది కాబట్టి వినేవాడు నెమ్మదైతే పంపేవాడూ తనంతట ఆగుతాడు.